దీపస్తంభం కింద చీకటి

న్యూజిలాండ్‌లో ఉత్తర, దక్షిణ దీవులను విడదీసే కుక్ జలసంధి అంచున స్టీఫెన్స్ అనే చిన్న లంక ఉంది. మావోరీలు దాన్ని టకపోరేవా అంటారు. విస్తీర్ణం 150 హెక్టార్లు, అంటే మన లెక్కలో 370 ఎకరాలు. ఒకప్పటి మోతుబరి కుటుంబానికి అంత భూమి ఉండేది. నీళ్లలోంచి గోడలా లేచి 283 మీటర్ల ఎత్తుకు పోతుంది. పడవ ఆనించడానికి సరైన రేవు లేదు, గాలి ఆగదు. జలసంధిలో ఓడలు రాళ్లకు కొట్టుకోకుండా న్యూజిలాండ్ ప్రభుత్వం అక్కడ దీపస్తంభం కట్టించింది. 1892లో పని మొదలై 1894 జనవరి 29న దీపం వెలిగింది. ఆ ఏడు తిరక్కుండానే ఆ లంకలోని ఒక పిట్ట గురించి లండన్‌లో పండితుల సభలో చదివారు, దానికి పేరు పెట్టారు. మరో మూడు నెలలకు ఆ పిట్ట ఇక లేనట్టేనని క్రైస్ట్‌చర్చ్ పత్రిక సంపాదకీయం రాసింది. జాతులు అంతరించడంలో ఇదో రికార్డు అయి ఉండవచ్చునని ఆ సంపాదకుడు చురక కూడా వేశాడు.

ఈ ఉదంతం తరవాత కథగా మారి లోకమంతా తిరిగింది. కథలో పాత్రలు మూడే: ఒక దీపస్తంభం కాపరి, టిబుల్స్ అనే అతని పెంపుడు పిల్లి, ఎగరలేని ఒక పిట్ట. పిల్లి రోజుకొకటి చొప్పున పిట్టను నోట కరుచుకొచ్చి గడప దగ్గర పెట్టేదట. అలా ఒకే ఒక్క పిల్లి ఒక జాతిని సాంతం తుడిచిపెట్టిందట. చెప్పుకోవడానికి బాగుంటుంది, పిల్లలకు పాఠంగానూ పనికొస్తుంది. కానీ పాత కాగితాలు తిరగేస్తే కథ ఇంత పొట్టిగా ఉండదు. ఆ పిల్లి పేరు కూడా తరవాతి వాళ్లు తగిలించిందే. 2004లో రాస్ గాల్‌బ్రెత్, డెరెక్ బ్రౌన్ అనే ఇద్దరు న్యూజిలాండ్ పరిశోధకులు ఆనాటి ఉత్తరాలూ రికార్డులూ ముందు వేసుకుని, ఎప్పుడు ఏం జరిగిందో వరసగా పేర్చి ఒక వ్యాసం ప్రకటించారు. నేను చెప్పబోయేదానిలో మొదటి భాగం చాలావరకు వాళ్లు తేల్చిన సంగతే.

దీపస్తంభంలో సహాయ కాపరిగా పనిచేసిన డేవిడ్ లయల్‌కు ప్రకృతి శాస్త్రం మీద మక్కువ. పెద్ద చదువు చదివినవాడు కాదు, చూసింది రాసిపెట్టుకునే అలవాటున్నవాడు. 1894 నడిమిలో, అక్కడ చలికాలం మొదలయ్యే రోజుల్లో, ఒక పిల్లి ఒక చిన్న పిట్టను చంపి తెచ్చింది. అలాంటిదాన్ని లయల్ అంతకుముందు చూడలేదు. దాని చర్మం ఒలిచి భద్రం చేశాడు. లంకకు సరుకులు తెచ్చే ప్రభుత్వ ఓడ హినెమోవాలో రెండో ఇంజనీరుగా ఉన్న బెతూన్ అనే ఆయన దాన్ని వెల్లింగ్టన్‌కు పట్టుకెళ్లి వాల్టర్ బుల్లర్ చేతిలో పెట్టాడు. ఆ దేశపు పక్షుల మీద ప్రామాణిక గ్రంథం రాసిన పండితుడు బుల్లర్. చూడగానే ఇది కొత్త జాతి అని ఆయనకు అర్థమైంది. వివరణ రాసి లండన్‌లోని ఐబిస్ అనే పక్షిశాస్త్ర పత్రికకు పంపాడు.

ఇంతలో మరొకరు రంగంలోకి దిగారు. హెన్రీ ట్రావర్స్ వెల్లింగ్టన్‌లో ప్రకృతి నమూనాల వ్యాపారి. పక్షి చర్మాలూ గుడ్లూ కొని అమ్మడం ఆయన బతుకుతెరువు. బుల్లర్‌కు ఒక్క చర్మం దొరికితే ట్రావర్స్ లయల్ దగ్గర తొమ్మిది సంపాదించాడు. అంత సరుకుకు తగ్గ బేరగాడు కూడా ఆయనకు తెలుసు. ఇంగ్లండ్‌లో ట్రింగ్ అనే ఊళ్లో సొంత మ్యూజియం పెట్టుకున్న వాల్టర్ రోత్‌షీల్డ్ బ్యాంకుల కుటుంబం వాడు, అప్పటికి ఇరవయ్యారేళ్లవాడు. పక్షుల చర్మాలంటే పడిచచ్చేవాడు. తొమ్మిదీ ఆయనకే చేరాయి. 1894 డిసెంబరు 19న లండన్‌లో బ్రిటిష్ పక్షి శాస్త్రజ్ఞుల క్లబ్బు సమావేశంలో ఆ పిట్టకు ట్రావర్సియా లయల్లీ అని పేరు పెడుతున్నట్టు రోత్‌షీల్డ్ వివరణ వినిపించాడు. నెల తిరక్కుండా అది అచ్చయింది. బుల్లర్ వ్యాసం ముందే అందినా 1895 ఏప్రిల్ దాకా వెలుగు చూడలేదు. పేర్ల విషయంలో ముందు అచ్చయిందే చెల్లుతుంది కాబట్టి బుల్లర్ పెట్టిన పేరు మూలన పడింది. అమ్మినవాడి పేరు, దాచిపెట్టినవాడి పేరు పిట్టకు మిగిలాయి. పట్టినది పిల్లి.

చర్మాలు చేతికొచ్చిన వాళ్లెవరూ పిట్టను ప్రాణంతో చూడలేదు. లయల్ చూశాడు, అదీ రెండే సార్లు, రెండు సార్లూ సాయంత్రం పూటే. రాళ్ల సందుల్లో ఎలుకలా పరుగెత్తిందనీ, కర్రతో కొట్టడానికి దగ్గరకు పోదామంటే అందలేదనీ, ఎగరనే లేదనీ ఆయన చెప్పాడు. కర్ర సంగతి చదువుతుంటే ఒక్క క్షణం ఆగుతాం. అది దుర్మార్గమేమీ కాదు. ఆ రోజుల్లో ప్రకృతి శాస్త్రం మీద ఇష్టమంటే చంపి, ఒలిచి, చీటీ కట్టి దాచడమే. పిల్లి చేసే పనినే మనిషి కూడా చేయబోయాడు, చేతకాలేదు.

చర్మాలను చూసి చెప్పగలిగింది ఇంత: పిట్ట పొడవు పది సెంటీమీటర్లు, మన పిచ్చుక కన్నా చిన్నది. తోక ఉందా లేదా అన్నట్టు ఉంటుంది. రెక్కలు పొట్టివి, గుండ్రనివి. ఈకలు మెత్తగా, వదులుగా ఉంటాయి. ఎగిరే పక్షికి రెక్కల కండరాలు అంటుకునే రొమ్ము ఎముక గట్టు దీనిలో సన్నగిల్లిపోయింది. కొమ్మను పట్టి కూచునే పిట్టల వర్గంలో ఎగరడం పూర్తిగా మానేసిన జాతులు ప్రపంచం మొత్తం మీద వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్నే. అందులో ఇదొకటి. దీని వంశం కూడా పాతదే. న్యూజిలాండ్ రెన్ పిట్టల కుటుంబం ఆ వర్గంలో అన్నిటికన్నా ముందు చీలిపోయిన కొమ్మ. ఇప్పుడు ఆ కొమ్మకు రెండు జాతులే మిగిలాయి.

1895 ఫిబ్రవరిలో ట్రావర్స్ మనుషులను వెంటబెట్టుకుని లంకకు వెళ్లి వెతికాడు. ఒక్కటీ దొరకలేదు. దాదాపు అదే రోజుల్లో లయల్ బుల్లర్‌కు జాబు రాస్తూ, పిల్లులు అడవి పట్టాయనీ, పక్షులన్నిటినీ నాశనం చేస్తున్నాయనీ తెలిపాడు. పిల్లులు అన్నాడు, పిల్లి అనలేదు. 1894 మొదట్లో లంక మీద దిగిన పిల్లి కడుపుతో ఉండి ఉంటుందని గాల్‌బ్రెత్, బ్రౌన్ అంచనా. ఏడాది తిరిగేసరికి దాని సంతతి గుట్టల్లో చేరింది. పిట్ట వెనువెంటనే పూర్తిగా పోలేదు, తరవాతి సంవత్సరాల్లో మరికొన్ని చర్మాలు బయటికొచ్చినట్టు ఆధారాలున్నాయి. మొత్తం మీద ఈనాడు ప్రపంచంలోని మ్యూజియాల్లో ఉన్నవి పదిహేను పైచిలుకు.

పిల్లుల మీద తొలి ఫిర్యాదు చేసిందీ దీపస్తంభం వాళ్లే. 1897లో ప్రధాన కాపరి పాట్రిక్ హెనగన్ వాటిని చంపడానికి తుపాకీ, తూటాలు కావాలని పైవాళ్లకు రాశాడు. ఆయన తరవాత వచ్చిన రాబర్ట్ క్యాత్‌కార్ట్ వందకు పైగా పిల్లులను కాల్చాడు. ఆ లెక్క చదివితే ఒక్క పిల్లి కథ ఎంత పొల్లో తెలుస్తుంది. 370 ఎకరాల లంకలో నాలుగైదేళ్లలో వందకు పైగా కాల్చదగినన్ని పిల్లులు! అవి ఆ ఒక్క పిట్టతో కడుపు నింపుకోలేదు. పియోపియో అనే పాటపిట్ట తాలూకు ఆ లంకకే పరిమితమైన చిన్న రకం కూడా అదే కాలంలో పోయింది. ఆఖరి పిల్లి 1925 నాటికి గానీ తీరలేదు.

ఇక్కడ పిల్లి మీదే నేరం మోపి ఊరుకుంటే సగం చరిత్ర దాచినట్టు. తరవాతి కాలంలో న్యూజిలాండ్ రెండు పెద్ద దీవుల్లోనూ గుహల్లో, గుడ్లగూబలు కక్కిన ఉండల్లో ఇదే పిట్ట ఎముకలు దొరికాయి. అంటే అది స్టీఫెన్స్ లంక పిట్ట కాదు, ఒకప్పుడు దేశమంతటి పిట్ట. పదమూడో శతాబ్దం ప్రాంతాల పాలినీషియా నుంచి మావోరీల పూర్వీకులు పడవల్లో వచ్చినప్పుడు కియోరే అనే చిన్న ఎలుక వాళ్లతో వచ్చింది. నేల మీద పరుగెత్తే, బొరియల్లో గుడ్లు పెట్టే పిట్టలను పెద్ద దీవుల్లో అదే ఖాళీ చేసింది. స్టీఫెన్స్‌కు ఎలుక చేరలేదు. నీళ్లు అడ్డు పడ్డాయి. అందుచేత దేశం మొత్తంలో పోయిన పిట్ట ఆ రాతి ముక్క మీద అయిదారు వందల ఏళ్లు అదనంగా బతికింది. పైగా దీపస్తంభం వాళ్ల పశువులకు మేత కోసం, పొయ్యి కోసం ఉన్న కాస్త అడవీ తరుగుతూ వచ్చింది. నమూనాల వ్యాపారి ఒక పక్క కొంటూనే ఉన్నాడు. పిల్లి వేసింది ఆఖరి దెబ్బ. దానికి ముందే చాలా దెబ్బలు పడి ఉన్నాయి.

మన పాత ఇళ్లలో పాలూ పెరుగూ ఉట్టి మీద పెట్టేవాళ్లు. పిల్లి శాపాలకు ఉట్టి తెగదని సామెత. ఆ ఉట్టి ఒక్కరోజులో పుట్టలేదు. పిల్లితో వేల ఏళ్లు కలిసి కాపురం చేసిన మనిషి నేర్చుకున్న జాగ్రత్త అది. ఎలుకకు బొరియ, పిచ్చుకకు దూలం సందు, కోడికి గంప: మన చుట్టూ ఉన్న ప్రతి ప్రాణికీ ఏదో ఒక ఉట్టి ఉంది. న్యూజిలాండ్‌లో గబ్బిలాలు తప్ప నేల మీది క్షీరదాలు సహజంగా లేనే లేవు. అక్కడ ఎక్కువగా వేటాడేది పైనుంచి చూసి వాలే గద్దలూ డేగలే. వాటినుంచి తప్పుకోవాలంటే కదలకుండా ఉండాలి, నేల రంగులో కలిసిపోవాలి, చీకట్లో తిరగాలి. పిట్టలు నేర్చుకున్నదంతా అదే. పిల్లి చీకట్లో తిరుగుతుంది, చెవితో వేటాడుతుంది, కదలని దాన్ని మరింత తేలిగ్గా పట్టుకుంటుంది. లక్షల ఏళ్లు ప్రాణం కాపాడిన అలవాటే ఆ రాత్రులు ప్రాణం తీసింది.

పిల్లి తనంతట తాను ఏ దీవికీ పోలేదు. సైప్రస్ దీవిలో షిల్లూరోకాంబోస్ అనే చోట 9,500 ఏళ్ల నాటి సమాధి ఒకటి తవ్వారు. మనిషి అస్థిపంజరానికి అడుగున్నర దూరంలో ఒక పిల్లి అస్థిపంజరం, పక్కపక్కనే పూడ్చినట్టుగా బయటపడింది. సైప్రస్‌లో సహజంగా పిల్లులు లేవు. ఎవరో దాన్ని పడవలో తీసుకుపోయారన్నమాట. మనిషి పిల్లి చెలిమికి దొరికిన అతి పాత ఆనవాళ్లలో ఒకటి ఇలా ఒక దీవి మీదే ఉండడం నాకు కాకతాళీయంగా తోచదు. ధాన్యం ఎక్కడికి పోతే ఎలుక అక్కడికి, ఎలుక ఎక్కడికి పోతే పిల్లి అక్కడికి. యూరప్ ఓడలు మహాసముద్రాలు చుట్టడం మొదలుపెట్టాక దాదాపు ప్రతి ఓడలోనూ పిల్లి ఉండేది. ఎలుకలు పట్టడం దాని కొలువు. ఓడ ఎక్కడ లంగరు వేస్తే అక్కడ ఒకటో రెండో దిగేవి.

దిగినవి ఎలా పెరుగుతాయో లెక్కకు దొరికిన చోటు మారియన్ దీవి. దక్షిణాఫ్రికాకు ఆగ్నేయంగా, అంటార్కిటికా దారిలో, 290 చదరపు కిలోమీటర్ల అగ్నిపర్వత దీవి అది. చెట్లు లేవు. నేలంతా నాచు, బురద, గాలి. సీల్ చర్మాల వేటగాళ్ల ఓడల్లోంచి పందొమ్మిదో శతాబ్దంలోనే చిట్టెలుకలు దిగాయి. 1947-48లో దక్షిణాఫ్రికా ఆ దీవిని స్వాధీనం చేసుకుని వాతావరణ కేంద్రం పెట్టింది. కేంద్రంలో ఎలుకల బెడద ఎక్కువై 1949లో అయిదు పిల్లులను తెచ్చారు. తెచ్చినవాళ్ల ఉద్దేశం వంటగదిని కాపాడుకోవడం, అంతకు మించి ఏమీ లేదు.

మారియన్ నేల కింద మరో ఊరు ఉంటుంది. పెట్రెల్ జాతి సముద్రపక్షులు మెత్తటి నేలలో చెయ్యి పొడవు బొరియలు తవ్వి, అందులో ఒకే ఒక గుడ్డు పెడతాయి. పగలంతా సముద్రం మీద తిరిగి, పెద్ద పక్షుల కంట పడకుండా చీకటి పడ్డాక దిగి, తడబడుతూ నడిచి బొరియ చేరతాయి. రెక్కల కోసమే పుట్టిన పక్షికి కాళ్లు సరిగ్గా నడవవు. ఎలుకల వెంట పరుగెత్తడం కన్నా బొరియ నోటి దగ్గర కూచుని ఉండడం తేలికని పిల్లులకు త్వరలోనే తెలిసింది. 1975లో రూడీ వాన్ ఆర్డే అనే శాస్త్రజ్ఞుడు లెక్క కట్టేసరికి అయిదు పిల్లులు 2,139 అయ్యాయి. ఒక్కో పిల్లి ఏడాదికి సగటున 213 పక్షుల చొప్పున, మొత్తం నాలుగున్నర లక్షలకు పైగా తింటున్నాయని తేలింది. మరో రెండేళ్లకు పిల్లుల సంఖ్య 3,400 దాటింది. డైవింగ్ పెట్రెల్ అనే చిన్న పక్షి మారియన్ మీద గూడు కట్టడం మానేసింది. పిల్లులు ఎన్నడూ చేరని ప్రిన్స్ ఎడ్వర్డ్ దీవి ఇరవై కిలోమీటర్ల దూరంలోనే ఉంది. అక్కడ అదే పక్షి మామూలుగానే ఉంది. ఏ ప్రయోగశాలలోనూ ఇంత చక్కటి పోలిక దొరకదు.

తరవాత జరిగింది చెప్పుకోవడానికి ఇంపైన సంగతి కాదు. 1977లో పిల్లులకు ప్రాణాంతకమైన పాన్‌ల్యూకోపీనియా అనే వైరస్‌ను ఎక్కించిన తొంభై ఆరు పిల్లులను దీవిలో వదిలారు. పిల్లి పిల్లికి అంటించి జబ్బు పాకింది. 1982 నాటికి సంఖ్య ఆరు వందల చిల్లరకు పడిపోయింది. చావగా మిగిలినవి జబ్బుకు తట్టుకున్నవి కాబట్టి అక్కడితో వైరస్ పని మందగించింది. ఇక 1986 నుంచి మనుషులే దిగారు. ఇద్దరిద్దరుగా జట్లు కట్టి, బ్యాటరీ దీపాలూ తుపాకులూ పట్టుకుని, రాత్రుళ్లు ఆ బురదలో తిరిగి మూడేళ్లలో 872 పిల్లులను కాల్చారు. ఆపైన బోనులు, విషం. 1991 జులైలో ఆఖరి పిల్లి బోనులో పడింది. అయిదు పిల్లులను దించడానికి ఒక్క పూట పట్టి ఉంటుంది. తీయడానికి పద్నాలుగేళ్లు పట్టింది.

అయినా కథ అక్కడ ఆగలేదు. పిల్లులు ఏ చిట్టెలుకల కోసం వచ్చాయో ఆ చిట్టెలుకలు అక్కడే ఉన్నాయి. వాతావరణం వెచ్చబడేకొద్దీ వాటి సంతానం పెరిగింది, పురుగులూ విత్తనాలూ చాలలేదు. 2003 నుంచి అవి ఆల్బట్రాస్ పిల్లలను కొరకడం కనిపించింది. మూడు మీటర్ల రెక్కల వెడల్పున్న పక్షి తాలూకు పిల్లను బొటనవేలంత ఎలుక రాత్రంతా కొరికి తింటుంటే, ఆ పిల్ల కదలకుండా కూచుంటుంది. దానికి ఎలుక అంటే ఏమిటో తెలియదు, భయపడడం దాని రక్తంలో లేదు. 2023లో ఎదిగిన ఆల్బట్రాస్‌లు కూడా అలా చనిపోయి కనిపించాయి. ఇప్పుడు హెలికాప్టర్లతో దీవి అంతటా విషపు గుళికలు చల్లి ఎలుకలను తీసేయడానికి దక్షిణాఫ్రికాలో సన్నాహాలు జరుగుతున్నాయి. పిల్లిని తీసుకురావడానికి కారణమైన ఎలుక పిల్లి పోయాక ముప్ఫై ఏళ్లకు వాళ్ల ముందుకొచ్చి కూచుంది.

ఇలాంటి పీటముడి ఇంకా గట్టిగా పడింది మాక్వారీ దీవిలో. ఆస్ట్రేలియాలోని టాస్మేనియా రాష్ట్రానికి చెందిన ఈ దీవిని 1810లో సీల్ వేటగాళ్లు కనిపెట్టారు. పదేళ్లు తిరిగేసరికి పిల్లులు అడవి పట్టాయి. అక్కడ ఒక చిలక ఉండేది. నేల మీద గూడు కట్టే ఆ చిలక పిల్లుల నడుమే మరో అరవై ఏళ్లు నెట్టుకొచ్చింది. 1870ల చివర్లో వేటగాళ్లు ఆకలికి పనికొస్తాయని కుందేళ్లను వదిలారు. పన్నెండు పదమూడేళ్లలో చిలక మాయమైంది. కుందేలు చిలకను తినలేదు కదా? 1979లో రోలాండ్ టేలర్ అనే శాస్త్రజ్ఞుడు దీనికి జవాబు చెప్పాడు. సముద్రపక్షులు దీవి విడిచిపోయే చలికాలంలో పిల్లులు ఆకలికి చచ్చేవి, అందుకే అవి కొద్ది సంఖ్యలోనే ఉండేవి. కుందేళ్లు వచ్చాక చలికాలపు కరువు తీరింది, పిల్లులు పెరిగాయి. పెరిగిన పిల్లులకు చిలక అదనపు తిండి అయింది. ఇలాంటి చోట హంతకుడెవరు అన్న ప్రశ్నకు ఒక్క పేరు రాయడం కుదరదు.

ఆ దీవి తరవాతి చరిత్ర కూడా ఇంతే చిక్కుగా సాగింది. 1978లో మిక్సోమా వైరస్‌తో కుందేళ్లను తగ్గించారు. తిండి తగ్గిన పిల్లులు సముద్రపక్షుల మీద పడ్డాయి. 1985 నుంచి పిల్లులను వేటాడి 2000లో ఆఖరిదాన్ని తీశారు. ఆ ఏడాదే బూడిదరంగు పెట్రెల్ వందేళ్ల తరవాత అక్కడ మళ్లీ గూడు కట్టింది. అంతలోనే కుందేళ్లు విజృంభించి లక్ష దాటాయి. కొండవాలుల్లో పచ్చదనం ఒలిచేసినట్టయింది, మట్టిచరియలు జారి పెంగ్విన్ల మీద పడ్డాయి. 2009లో డానా బెర్గ్‌స్ట్రామ్ బృందం పిల్లులను తీయడం వల్లే ఈ అనర్థమని రాసింది. కాదు, వైరస్ పదును తగ్గడమే అసలు కారణమని మరో బృందం అదే ఏడాది సమాధానం రాసింది. నా మటుకు రెండో వాదంలో బలం ఎక్కువ కనిపిస్తుంది. కానీ మొదటి బృందం అడిగిన ప్రశ్న కొట్టిపారేయదగింది కాదు. ఒక్కో జంతువును విడివిడిగా తీయడం మాని కుందేళ్లు, ఎలుకలు, చిట్టెలుకలు అన్నిటినీ ఒకేసారి తీసే పథకం సుమారు రెండున్నర కోట్ల ఆస్ట్రేలియా డాలర్లతో నడిచింది. 2014లో దీవికి విముక్తి ప్రకటించారు.

న్యూజిలాండ్‌లోని హౌటూరు దీవి అనుభవమూ ఇలాంటిదే. 1980 నాటికి పిల్లులను తీసేశాక కుక్ పెట్రెల్ పిల్లలు బతికి బట్టకట్టడం తగ్గింది గానీ పెరగలేదు. పిల్లుల భయం పోయిన ఎలుకలు గుడ్ల మీద పడ్డాయి. 2004లో ఎలుకలూ పోయాకే ఆ పక్షి కోలుకుంది.

అట్లాంటిక్ నడుమ అసెన్షన్ దీవిలో కాస్త సూటైన కథ జరిగింది. 1815లో నెపోలియన్‌ను సెయింట్ హెలీనాలో బంధించినప్పుడు బ్రిటిష్ వాళ్లు ముందుజాగ్రత్తగా అసెన్షన్‌లోనూ దండు దింపారు. దండుతో పిల్లులూ దిగాయి. అక్కడ తప్ప ప్రపంచంలో మరెక్కడా గూడు కట్టని ఒక ఫ్రిగేట్ పక్షి ఆ దీవి వదిలి, పక్కన సముద్రంలోంచి లేచిన చిన్న రాతి దిబ్బ మీదికి మారిపోయింది. 2000ల మొదట్లో అడవి పట్టిన పిల్లులను తీశారు. ఇళ్లలోని పిల్లులను పిల్లలు పుట్టకుండా చేసి ఉంచుకోనిచ్చారు. అయినా వాటిలో చాలా విషం తిని చచ్చాయి. దీవివాసులకు కోపం వచ్చింది, రావడం న్యాయమే. 2012లో ఫ్రిగేట్ పక్షి శతాబ్దిన్నర పైబడి తిరిగి పెద్ద దీవి మీద గూడు కట్టింది.

చంపకుండా పని జరిపించిన చోటు కూడా ఉంది. జపాన్‌కు చెందిన ఒగసవారా దీవులు టోక్యోకు వెయ్యి కిలోమీటర్ల దక్షిణాన ఉన్నాయి. విమానాశ్రయం లేదు, ఓడలో ఒక పగలూ ఒక రాత్రీ ప్రయాణం. 2005లో హహజిమా దీవిలో సముద్రపక్షుల గూళ్ల మీద పడుతున్న ఒక పిల్లిని పట్టి ఓడెక్కించి టోక్యోలో పశువైద్యులకు అప్పజెప్పారు. దానికి మైకేల్ అని పేరు పెట్టారు. బుసలు కొట్టే ఆ పిల్లి కొన్నాళ్లకు ఒళ్లో కూచునేంత సాధువైంది. అప్పటినుంచి పట్టిన పిల్లులను టోక్యో పశువైద్యుల సంఘం తీసుకుని, మచ్చిక చేసి, ఇళ్లకు దత్తు ఇస్తోంది. అక్కడి ఎర్రతల అడవి పావురం ఒక దశలో నలభై దాకా మాత్రమే ఉందనుకున్నారు, ఇప్పుడది ఊళ్లలోనే కనిపిస్తోంది. ఇది అన్ని చోట్లా సాగదు. మారియన్‌లో 3,400 పిల్లులను ఎవరు ఎత్తుకెళ్లేవారు? అయినా అసాధ్యమనిపించే పని ఒక చోటనైనా జరిగింది.

మొత్తం లెక్క ఎంత? 2011లో అచ్చయిన ఒక విస్తృత పరిశీలన ప్రకారం దీవుల్లో అడవి పట్టిన పిల్లులు కనీసం 33 జాతుల అంతర్ధానంలో చెయ్యి వేశాయి. 120 దీవుల్లో 175 జాతుల వెన్నెముక జీవులకు హాని చేశాయి, అందులో 123 పక్షులే. చెయ్యి వేశాయి అన్న మాట జాగ్రత్తగా వాడుతున్నాను. ప్రతి చోటా పిల్లి వెనక ఎలుకో కుందేలో గొడ్డలో ఉంది, వాటన్నిటి వెనక ఒక ఓడ ఉంది. ఆ ఓడల్లో పిల్లి సిబ్బంది కిందే లెక్క.

స్టీఫెన్స్ లంకకు వస్తే, ఎలుకలు ఇప్పటికీ చేరలేదు. బల్లిలా కనిపించే, బల్లి కాని టువటారా అనే ప్రాచీన సరీసృపాలు అక్కడ ముప్ఫై వేలకు పైగా ఉన్నాయి. సముద్రపక్షులు తవ్విన బొరియల్లోనే అవీ కాపురం ఉంటాయి. నరికిన చోట మళ్లీ చెట్లు నాటారు. 1989లో దీపం యంత్రం మీద నడవడం మొదలై కాపరులు దిగిపోయారు. అనుమతి లేకుండా ఎవరూ అడుగు పెట్టడానికి లేదు, వెళ్లేవాళ్ల సంచులు విప్పి చూస్తారు. లయల్ పిట్ట చర్మాలు లండన్, న్యూయార్క్, వెల్లింగ్టన్ వంటి చోట్ల మ్యూజియం సొరుగుల్లో చీటీలు కట్టి ఉన్నాయి. ఆ పిట్ట ఎలా కూసేదో, గూడు ఎక్కడ కట్టేదో, ఎన్ని గుడ్లు పెట్టేదో ఎవరూ రాసిపెట్టలేదు.